రాత్రి పదకొండు ఇరవైకి ఆ వీధి: ఒక కేస్ స్టడీ

ఉద్యోగం మీద కొత్త నగరానికి వచ్చేవారికి అద్దె ఇల్లు చూసిపెట్టి, ఒప్పందం పూర్తయ్యేదాకా వెంట ఉండటం నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్న కేసు నాకు పేరు తెచ్చినది కాదు. నేను ధీమాగా చెప్పిన ఇల్లు తప్పుదని తేలి, ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి వెతుక్కున్న కేసు. నగరం పేరు, మనుషుల పేర్లు తీసేశాను, కొన్ని వివరాలు మార్చాను. దూరాలు, సమయాలు మాత్రం నా నోటు పుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

క్లయింటు ముప్పై దాటిన మహిళ, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. తల్లితో కలిసి వస్తున్నారు. తల్లికి అరవై ఏడేళ్లు, మోకాళ్ల నొప్పులు, చెవి కొంచెం మందం. సొంత వాహనం లేదు. రెండు వారాలు ఉదయం షిఫ్టు, రెండు వారాలు మధ్యాహ్నం షిఫ్టు. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి పదిన్నరకు ముగుస్తుంది, బస్సు దిగేసరికి పదకొండు దాటుతుంది. ఈ నగరం ఇద్దరికీ కొత్త, తెలిసినవారంటూ ఎవరూ లేరు. ఇల్లు ఖరారు చేసుకోవడానికి పద్దెనిమిది రోజుల గడువు.

ఇంకో సంగతి ఆమె మూడో సమావేశంలో గానీ చెప్పలేదు. వెనకటి ఊళ్లో ఒకడు బస్ స్టాపు నుంచి ఇంటిదాకా కొన్ని సాయంత్రాలు వరుసగా ఆమె వెంట నడిచాడు. అందుకే అప్పుడు ఇల్లు మారారు. ఇది నేను మొదటి రోజే అడిగి ఉండవలసిన ప్రశ్న. పడక గదులు ఎన్ని కావాలో అడిగాను, గాలీ వెలుతురూ ఎలా ఉండాలో అడిగాను, ఇది అడగలేదు.

వచ్చిన సమస్య

ఫోన్లో ఆమె మొదటి మాట: "అక్కడ ఏ ప్రాంతం సురక్షితమండీ?"

ఇల్లు వెతుక్కునే ప్రతి మనిషీ ఇదే అడుగుతారు. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. నగరాన్ని మనసులో మూడు ముక్కలు చేసి పెట్టుకున్నాను: మంచివి, ఫరవాలేనివి, వద్దనేవి. ఆ లెక్కన మూడు ఇళ్లు చూపించాను. మొదటిది చెట్ల నీడలో, పెద్ద ప్రహరీలున్న నిశ్శబ్దమైన వీధిలో ఉంది. రెండోది రైల్వే స్టేషనుకు పది నిమిషాల నడక దూరంలో, దుకాణాల వీధి పక్క సందులో రెండో అంతస్తు. మూడోది ఊరి అంచున కొత్తగా కట్టిన భవనం. నా మొగ్గు మొదటిదాని మీద, రెండోది కేవలం పోల్చి చూడటానికి. నిజం చెప్పాలంటే, మొదటిది ఇంకా బాగా కనబడాలనే రెండోదాన్ని జాబితాలో పెట్టాను.

ప్రయత్నించినవి

ముందు నేరాల పటం తెరిచాం. రెండో ఇల్లున్న ప్రాంతం ఎర్రగా ఉంది, మొదటిది దాదాపు తెల్లగా. ఆమె ముఖంలో భయం, నా ముఖంలో 'చెప్పానుగా' అన్న ధీమా. ఆ పటాన్ని ఎలా చదవాలో నాకు తెలుసనుకున్నాను. తెలియదని తర్వాత తేలింది. ఆ రంగులు ప్రతి వెయ్యి మంది నివాసులకు ఎన్ని నేరాలో చెబుతున్నాయి. స్టేషను చుట్టూ రోజూ వచ్చిపోయేవారు వేలల్లో ఉంటారు, కాపురం ఉండేవారు కొద్దిమంది. దారినపోయే ప్రయాణికుడి జేబులోంచి పోయిన పర్సు అక్కడ కాపురముండే కొద్దిమంది లెక్కలో పడుతుంది. స్టేషను, బస్ స్టాండు, సినిమా హాళ్లు ఉన్న ప్రాంతం ఏ నగరంలోనైనా పటం మీద ఎర్రగా కనబడటానికి ఇది ఒక కారణం.

రెండో లోపం, నేరం ఏ గంటకు జరిగిందో పటంలో ఉండదు. బ్రిటన్ పోలీసులు 2011 నుంచి వీధుల స్థాయిలో నేరాలను జనానికి చూపిస్తున్నారు. అక్కడ కూడా బాధితుల గోప్యత కోసం నేరం జరిగిన చోటును సూచించే చుక్కను అసలు చోటు నుంచి దగ్గర్లోని ఒక నిర్ణీత బిందువుకు జరుపుతారు. నెల చెబుతారు, తేదీ, సమయం చెప్పరు. గోప్యతకు అది సరైన పద్ధతే. కానీ రాత్రి పదకొండుకు ఒక సందులో నడవబోయే మనిషికి కావలసింది సరిగ్గా ఆ చెప్పని భాగమే. పైగా పటంలోకి ఎక్కేది పోలీసుల దాకా వెళ్లిన సంగతే. ఒకడు రోజూ వెంటపడి నడవడం చాలాసార్లు అక్కడిదాకా వెళ్లదు. ఈ క్లయింటుకు ఎదురైన అనుభవం ఏ పటంలోనూ చుక్క కాలేదు.

ఇక ప్రాంతం సగటు అనే మాట. అమెరికాలోని మినియాపొలిస్ నగరం మీద 1989లో వచ్చిన అధ్యయనంలో, పోలీసులకు వచ్చిన కాల్స్‌లో సగం మూడు శాతానికి కాస్త పైబడిన చిరునామాల నుంచే వచ్చాయని తేలింది. సియాటిల్‌లో పద్నాలుగేళ్ల లెక్కలు తీసినప్పుడు సగం నేరాలు ఐదు శాతంలోపు వీధి భాగాల్లోనే ఉన్నాయి. చెడ్డ పేరున్న ప్రాంతంలో కూడా ఎక్కువ వీధులు ప్రశాంతంగానే ఉంటాయని, మంచి పేరున్న చోట కూడా ఒక మలుపు చెడ్డది కావచ్చని దీని అర్థం. ఈ సంగతి నాకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా ప్రాంతం రంగు చూసే మాట్లాడాను. తెలిసినదాన్ని పనిలో వాడకపోవడం నా వృత్తిలో పెద్ద జబ్బు.

తర్వాత మనుషులను అడిగాం. బ్రోకరు, ఇంటి యజమాని, ఆసుపత్రిలో ఆమెకు కాబోయే సహోద్యోగులు ఇద్దరు. మొదటి ఇంటి గురించి అందరిదీ ఒకటే మాట: "మంచివాళ్లు ఉండే చోటు." రెండోదానికి పెదవి విరుపు. ఎందుకని అడిగితే ఒక్కరూ జరిగిన సంఘటన చెప్పలేకపోయారు. సహోద్యోగుల్లో ఒకరు ఆ వీధికి ఎప్పుడూ వెళ్లలేదు కూడా. షికాగోలో జరిపి 2004లో ప్రచురించిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. వీధిలో చెత్త, గోడ రాతలు, పగిలిన అద్దాలు నిజంగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, జనం అక్కడ ఎంత అస్తవ్యస్తత ఉందనుకుంటున్నారో విడిగా అడిగారు. జనం అంచనాను కంటికి కనబడిన అస్తవ్యస్తత కన్నా అక్కడ ఉండేవారి జాతి, పేదరికం ఎక్కువగా నిర్ణయించాయి. 'మంచివాళ్లు' అన్న మాటలో ఎంత భాగం భద్రత, ఎంత భాగం హోదా అని విడదీయకుండా నేను దాన్ని సాక్ష్యంగా తీసుకున్నాను. అమెరికాలో 1968 నాటి గృహ చట్టం ఇల్లు వెతుక్కునేవారిని జాతి వంటివి చూసి ఫలానా ప్రాంతానికి మళ్లించడాన్ని నిషేధించింది. అందువల్ల అక్కడి ఏజెంట్లు 'ఇది సురక్షితమేనా' అన్న ప్రశ్నకు జవాబివ్వడానికి జంకుతారు. నేను మాట్లాడిన బ్రోకరుకు అలాంటి జంకు ఏమీ లేదు.

చివరగా ఇల్లు చూడటానికి వెళ్లాం. శనివారం, ఉదయం పదకొండు గంటలు. చెట్ల కింద చల్లగా ఉంది, పిట్టల అరుపులు తప్ప చప్పుడు లేదు. ఆమె తల్లి గేటు దగ్గర నిలబడి "ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. ఆ మాటతో నిర్ణయం అయిపోయింది. అడ్వాన్సు ఇచ్చారు.

విఫలమైనది

ఇంటి యజమాని పది రోజులు ఊళ్లో లేకపోవడం వల్ల ఒప్పందం మీద సంతకం ఆగింది. ఇందులో నా తెలివి ఏమీ లేదు. ఈలోగా తల్లీ కూతుళ్లు అదే వీధిలో రెండు ఇళ్ల అవతల కొద్ది రోజులకు ఒక గది తీసుకున్నారు. నాలుగో రోజు ఆమెకు మధ్యాహ్నం షిఫ్టు మొదలైంది. ఆ రాత్రి 11:26కు నాకు సందేశం వచ్చింది: "దారిలో ఒక్క మనిషి లేడు. పరుగెత్తుకుంటూ వచ్చాను."

మర్నాడు రాత్రి బస్ స్టాపు దగ్గర నేను కూడా ఎదురుచూసి, ఆమెతో కలిసి నడిచాను. 640 మీటర్లు, ఎనిమిది నిమిషాలు. పగలు నాకు నచ్చినవన్నీ రాత్రి తిరగబడ్డాయి. రెండు వైపులా తలకు మించిన ప్రహరీలు, వాటి వెనక ఎక్కడో లోపలికి ఇళ్లు. దారి వైపు చూసే కిటికీ ఒక్కటి లేదు. వీధి దీపాలు ఉన్నాయి, వెలుగుతున్నాయి కూడా, కానీ కొమ్మల పైన. వెలుగు ఆకుల మీద పడుతోంది, నేల మీద కాదు. వెనక ఎవరైనా వస్తే తిరగడానికి పక్క సందు లేదు, తలుపు తట్టడానికి తలుపు లేదు, గేట్లే. గోడలు లోపలివారిని కాపాడుతున్నాయి. బయట నడిచేవారికి అవే గోడలు ఒక పొడుగాటి కాలువలా ఉన్నాయి.

ఇది రాత్రి కథ. పగటి కథ తల్లిది. ఆరో రోజు ఒకడు వచ్చి మీటరు చూడాలన్నాడు. ఆమె తలుపు తీశారు. అతను గదంతా ఒకసారి కలయజూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. ఏమీ జరగలేదు. అతను నిజంగా మీటరు మనిషే కావచ్చు. కానీ అడిగి తెలుసుకుందామంటే పక్క ఇళ్లలో ఒక్కరూ లేరు, అందరూ ఉద్యోగాలకు వెళ్లేవారే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీధి మొత్తం ఖాళీ. ఆమె మెచ్చుకున్న ప్రశాంతతకు అసలు కారణం అదే.

అడ్వాన్సు వెనక్కి రాలేదు. అందులో సగం నా ఫీజులో తగ్గించుకున్నాను. న్యాయంగా మొత్తం తగ్గించుకోవలసింది.

ఏది పనిచేసింది

మిగిలినవి తొమ్మిది రోజులు. ఇంకో 'మంచి ప్రాంతం' వెతకడం మొదలుపెడితే అదే గోతిలో మళ్లీ పడతాం. అందుకని ప్రశ్న మార్చాను. ఒక కాగితం మీద ఇద్దరి వారం రాయమన్నాను: ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఎక్కడి నుంచి ఎక్కడికి, కాలినడకనా బస్సులోనా. ఇల్లు సంగతి తర్వాత. ఆ కాగితం చాలా చెప్పింది. మధ్యాహ్నం షిఫ్టు వారంలో కూతురు ఐదు రాత్రులు పదకొండూ పదకొండున్నర మధ్య ఒంటరిగా నడుస్తారు. ఉదయం షిఫ్టు వారంలో తెల్లవారకముందే బయలుదేరుతారు. తల్లి వారానికి మూడుసార్లు బయటకు వెళతారు, ప్రతిసారీ పగలే, ప్రతిసారీ రోడ్డు దాటాలి. ఇంట్లో ఒంటరిగా గడిపేది వారానికి దాదాపు యాభై గంటలు. ఒకే ఇల్లు, కానీ రెండు వేర్వేరు ప్రమాదాలు. ఒకరికి మనుషులు లేని దారి, మరొకరికి మనుషులు లేని మెట్లు, జాగా ఇవ్వని రోడ్డు.

ఈ కాగితం ముందు పెట్టుకుంటే మూడో ఇల్లు ఐదు నిమిషాల్లో పోయింది. బస్సు దిగాక రహదారి కిందుగా సొరంగంలా వెళ్లే నడక దారి ఒక్కటే మార్గం. లోపలికి అడుగుపెడితే అవతలి కొన కనబడదు.

రెండో ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను: మంగళవారం రాత్రి, శనివారం రాత్రి, ఒక తెల్లవారుజాము, ఒక మధ్యాహ్నం. మంగళవారం, శనివారం ఎందుకంటే మామూలు రోజుకూ సెలవు ముందు రాత్రికీ ఒకే వీధి రెండు వీధులవుతుంది. ఏం లెక్కపెట్టాలో ముందే రాసుకున్నాను, లేకపోతే కన్ను మళ్లీ నచ్చినదాన్నే చూస్తుంది. దారి మీదికి తెరుచుకునే వెలిగిన కిటికీలు: మంగళవారం పదకొండు ఇరవైకి పంతొమ్మిది. తెరిచి ఉన్న దుకాణాలు: రెండు, ఒకటి అర్ధరాత్రి దాకా ఉండే మందుల దుకాణం. బస్ స్టాపు నుంచి మెట్ల దాకా 210 మీటర్లు. ఒంటరిగా నడుస్తున్న స్త్రీలు, పెద్ద వయసువారు: ఇరవై నిమిషాల్లో ఏడుగురు. ఈ చివరి అంకె నాకు అన్నిటికన్నా ముఖ్యం. వాళ్లు నడిచారా లేదా అన్నదానితో పాటు, ఎలా నడిచారో చూశాను. ఇద్దరు ఫోన్లో మాట్లాడుతూ తీరిగ్గా వెళ్లారు. ఒకామె సంచి కింద పెట్టి చెప్పు సరిచేసుకున్నారు. జాగ్రత్తపడవలసిన చోట ఎవరూ అలా ఆగరు.

లెక్కపెట్టనివీ ఉన్నాయి. పెచ్చులూడిన గోడ, మెలికలు తిరిగిన తీగలు, అతికించిన కాగితాలు. అవి కంటికి ఇంపుగా ఉండవు, అంతే.

దీపాల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. న్యూయార్క్‌లో 2016లో కొన్ని ప్రభుత్వ గృహ సముదాయాల్లో చీటీ వేసినట్టు ఎంపిక చేసి తాత్కాలిక దీపస్తంభాలు పెట్టారు. ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయని ఆ ప్రయోగం తేల్చింది. అంటే వెలుగు లెక్కలోకి వస్తుంది. కానీ దీపాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క నాకు మొదటి ఇంట్లో ఎందుకూ కొరగాలేదు. కాబట్టి ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేస్తాను: పదిహేను అడుగుల దూరంలో ఎదురొచ్చే మనిషి ముఖం నాకు కనబడుతోందా? కనబడకపోతే ఎన్ని స్తంభాలున్నా చీకటే. మరీ మిరుమిట్లు గొలిపే దీపం కూడా దాని పక్క నీడను ఇంకా నల్లగా చేస్తుంది.

మనుషులను అడిగే తీరూ మార్చాను. 'సురక్షితమేనా' అంటే ఎవరైనా 'ఆ, ఫరవాలేదు' అంటారు. దానికి బదులు జరిగిన పనుల గురించి అడిగాను. "నిన్న రాత్రి మీరు ఇంటికి ఎటు నుంచి వచ్చారు?" "పది దాటాక మీరు వెళ్లని మలుపు ఏదైనా ఉందా?" "ఈ మెట్ల మీద చివరిసారి దొంగతనం జరిగినప్పుడు ఎలా లోపలికి వచ్చారు?" ఈ ఆఖరి ప్రశ్నలో 'జరిగిందా' అని అడగకపోవడం కావాలనే. జరగలేదని చెప్పడం ఎదుటివారికి సులభం కాకూడదు. మందుల దుకాణంలో రాత్రి పనిచేసే మహిళ నాకు బ్రోకరు, యజమాని కలిసి చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పారు. శనివారాల్లో మూల మీది బారు మూసేవేళ అక్కడ గుంపులు చేరతాయని, తాను ఆ రాత్రి అటు నుంచి వెళ్లనని. శనివారం వెళ్లి చూస్తే అక్షరాలా నిజం. ఖాళీ చేసి వెళ్తున్న అద్దెదారును కూడా పట్టుకున్నాను. దిగువ అంతస్తులో నాలుగు నెలల కింద వెనక వైపు కిటికీ నుంచి దొంగ వచ్చాడని ఆయన చెప్పారు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసి వచ్చింది. ఒక ఇంట్లో దొంగతనం జరిగితే ఆ ఇంటికీ, కొన్ని వందల మీటర్లలోపు ఉన్న ఇళ్లకూ తర్వాతి కొన్ని వారాల పాటు ప్రమాదం పెరుగుతుందని, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుందని పరిశోధనలు పదేపదే చూపాయి. నాలుగు నెలలు గడిచాయి కాబట్టి ఆ ఉధృతి దాటిపోయి ఉంటుంది. కానీ వచ్చిన దారి మూసుకుందా? దిగువ కిటికీకి ఊచలు పెట్టారు. మనం తీసుకునేది రెండో అంతస్తు, వెనక గొట్టం పట్టుకుని పైకెక్కే వీలు లేదు. అసలు బలహీనత వీధి తలుపు. మూసినా గడియ పడకుండా నిలబడిపోతోంది. మెట్ల దీపం కాలిపోయి ఉంది. యజమానితో అద్దె తగ్గించమని బేరమాడకుండా ఈ రెండూ, పై తలుపు తాళం మార్పూ అడిగాను. పాత అద్దెదారుల తాళపుచెవులు ఎన్ని చేతుల్లో ఉన్నాయో ఎవరికీ తెలియదు. మూడింటికీ ఒప్పుకున్నారు. మొదటి ఆరు నెలల్లో ఎప్పుడైనా రెండు నెలల ముందు చెప్పి ఖాళీ చేసే వెసులుబాటు కూడా ఒప్పందంలో రాయించాను. ఒకసారి తప్పు చేసినవాడిని. రెండోసారీ తప్పితే ఆమె ఇరుక్కోకూడదు.

బారు సమస్యకు శనివారం రాత్రులు ఒక స్టాపు ముందు దిగి వెనక వీధిలోంచి రావాలని అనుకున్నాం. మూడు నిమిషాలు ఎక్కువ. ఇద్దరం నడిచి చూసి, ముఖం పరీక్ష పెట్టి, అప్పుడు ఒప్పుకున్నాం.

అయినా ఆమెకు మనసు ఒప్పలేదు. పటం మీద ఆ ఎరుపు ఆమె కళ్లలో ఉండిపోయింది. లెక్కలు చూపి ఒప్పించవచ్చు, నాకు ఆ నేర్పు ఉంది. చేయలేదు. వెంటాడిన అనుభవమున్న మనిషి భయాన్ని వాదించి గెలిస్తే, ఆ మనిషి రేపు నిజంగా ఏదో తేడాగా అనిపించినప్పుడు కూడా తన మీద తనకే అనుమానం తెచ్చుకుంటుంది. మూడు రాత్రులు నేను లేకుండా ఒంటరిగా వచ్చి చూడండి, మందుల దుకాణం దగ్గర నేను ఉంటాను, కావాలంటేనే పిలవండి అన్నాను. రెండో రాత్రి పిలవలేదు. మూడో రాత్రి రానవసరం లేదన్నారు.

ఫలితం

పద్నాలుగు నెలలైంది. వెసులుబాటు గడువు దాటిపోయింది, వాళ్లు అక్కడే ఉన్నారు. ఒకసారి రద్దీ బస్సులో ఆమె ఫోను పోయింది. పటం చెప్పిన ఎరుపు అబద్ధం కాదన్నమాట. ఇంటి దారిలో ఏమీ జరగలేదు. తల్లి రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుంటారట. కింద ఎవరు కొత్తగా తిరుగుతున్నారో మొదట ఆమెకే తెలుస్తుందని కూతురు ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నా ఫారంలో 'ప్రాంతం ఎలాంటిది' అన్న గడి కొట్టేశాను. వారం కాగితం ముందు రాయించకుండా ఇళ్లు చూపించడం లేదు. వెనకటి ఇంట్లో ఎప్పుడైనా భయపడ్డారా అని మొదటి రోజే అడుగుతున్నాను. జవాబు చెప్పకపోయినా అడిగినందుకు తర్వాత చెబుతారు.

నేను ఇప్పటికీ సరిగ్గా చేయలేదనిపించేది రోడ్డు విషయం. అద్దె ఇంటి భద్రత అనగానే మన మనసులో దొంగ మెదులుతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 11.9 లక్షల మంది చనిపోయారు. అందులో సగం కన్నా ఎక్కువ మంది నడిచేవారు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు. ఆ తల్లికి నిజమైన ప్రమాదం మీటరు మనిషి కన్నా ఆమె వారానికి ఆరుసార్లు దాటే ఆ రోడ్డు. వెళ్లడం మూడు, రావడం మూడు. మందుల దుకాణం ముందున్న సిగ్నలు దగ్గర ఆమె నడకకు పట్టే సమయం కొలిచాను. పచ్చ దీపం ఉండగా మూడొంతుల రోడ్డే దాటగలిగారు. మధ్యలో ఆగే జాగా ఉంది కాబట్టి సరిపెట్టుకున్నాం. అది లేకపోతే ఈ ఇల్లు కూడా వద్దనేవాడినా? గడువు మూడు రోజులే ఉన్నప్పుడు అనేవాడినని గట్టిగా చెప్పలేను.

మొదటి ఇల్లు ఇంకా నా జాబితాలో ఉంది. కిందటి సంవత్సరం కారున్న ఒక జంటకు దాన్నే చూపించాను, సంతోషంగా ఉన్నారు. వాళ్లు ఆ 640 మీటర్లు ఎప్పుడూ నడవలేదు. గేటు తెరుచుకుని కారు లోపలికి వెళ్లేదాకా ఆ వీధితో వాళ్లకు పని పది సెకన్లు.